గడప దాటేదాకా: అబ్బాసియా తెలుగువాళ్ల ప్రణాళిక

రాజంపేట దగ్గర ఒక పల్లెలో, ఒక ఇంటి అరుగు మీద కొత్త చక్రాల కుర్చీ ఉంది. వచ్చి మూడు నెలలైనా సీటు మీది ప్లాస్టిక్ కవరు తీయలేదు. మడిచి గోడకు ఆనించారు. ఆ ఇంట్లోకి పోవాలంటే మూడు మెట్లు. మెట్లెక్కితే నాలుగంగుళాల గడప. గడప దాటి నడిమింట్లోంచి పోతే చివర బాత్రూము, దానికి రెండడుగుల తలుపు. ఫ్రేము పోగా మిగిలేది 22 అంగుళాలు. కుర్చీ వెడల్పు 25.

ఆ ఇంటాయన 12 ఏళ్లు కువైట్‌లో టైల్స్ మేస్త్రి. అబ్బాసియాలో మా రూములోనే ఉన్నాడు, మాతోనే వండుకు తిన్నాడు. పరంజా మీద నుంచి పడి వెన్నుపూస విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. ఇప్పుడాయన స్నానం చేయాలంటే తమ్ముడు వచ్చి ఎత్తుకుపోవాలి. తమ్ముడు బొప్పాయి తోటలో కూలికి పోయిన రోజు స్నానం లేదు. రాత్రిపూట ఎవర్నీ లేపకూడదని సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేశాడని ఆయన భార్య, మా వదిన, ఫోన్లో చెప్పి ఏడ్చింది.

ఆయన ఇక్కడ కట్టినవాటిలో ఒక ర్యాంపు ఉంది. ఒక కువైటీ ఇంట్లో పెద్దామెకు కాళ్లు పడిపోతే, అతిథులు కూర్చునే దీవానియా పక్క నుంచి కుర్చీ లోపలికి పోయేటట్టు వాలు కట్టమన్నారు. ఒకటికి పన్నెండు లెక్కన కట్టాలని అక్కడి ఇంజనీరు చెప్పాడు. అంటే అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు. మొన్న వీడియో కాల్‌లో ఆ లెక్క ఆయనే మాకు గుర్తుచేశాడు. "నా ఇంటికి మూడు మెట్లంటే అడుగున్నర ఎత్తు. 18 అడుగులు కావాల. వాకిలి పదడుగులే ఉండాది. తిప్పి కట్టాలన్నా, మలుపులో కుర్చీ తిరిగేంత చదును పెట్టాల" అన్నాడు. కొలతలన్నీ ఆయన నోటి మీదే ఉన్నాయి. కట్టించే డబ్బు లేదు.

ఆ డబ్బు ఎక్కడ దొరుకుతుందో వెతకబోయి మేము ఈ పనిలోకి వచ్చాం. ఒక్క మనిషి కోసం మొదలుపెట్టాం. అడిగిన ప్రతి రూములోనూ ఇంకొకరి కథ బయటపడింది. అందుకే దీన్ని ఇక మా రూము సంగతిగా ఉంచదలచుకోలేదు.

మేమెవరమంటే, జలీబ్ అల్ షుయూఖ్‌లోని ఈ అబ్బాసియా పేటలో బెడ్ స్పేసుల్లోనూ చిన్న ఫ్లాట్లలోనూ ఉంటున్న తెలుగువాళ్లం. కడప, అన్నమయ్య, చిత్తూరు, నెల్లూరు నుంచి వచ్చినవాళ్లం. కోనసీమ, పశ్చిమ గోదావరి నుంచి వచ్చినవాళ్లం. నిజామాబాద్, జగిత్యాల నుంచి వచ్చినవాళ్లం. మాలో మేస్త్రులున్నారు, వెల్డర్లున్నారు, డ్రైవర్లున్నారు, నర్సులున్నారు. ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లున్నారు. కువైట్‌లో ఉన్న సుమారు 10 లక్షల మంది భారతీయుల్లో మేమొక చిన్న గుంపు. ఈ పనికి పేరు ఇంకా పెట్టుకోలేదు. నాలుగిళ్లు బాగుచేశాక పెట్టుకుంటాం.

మా నమ్మకం ఒక్కటే. గల్ఫ్‌లో దెబ్బతిని ఊరికి తిరిగి వెళ్లిన మనిషి తన ఇంట్లో, తన బాత్రూముకు, ఎవరి సాయం లేకుండా పోగలగాలి. అది వాళ్లకు దక్కాల్సిన హక్కు. దానికయ్యే ఖర్చులో ప్రభుత్వం భాగం పంచుకోవాలి, తోటి కార్మికులుగా మేమూ పంచుకోవాలి.

చనిపోయినవాళ్లకు ఏదో ఒక లెక్క ఉంది. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికులుండే బిల్డింగు తగలబడి 45 మంది భారతీయులు చనిపోతే, వాయుసేన విమానం వచ్చి వాళ్లను తీసుకెళ్లింది. అదే ఏడాది సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం, గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలిచ్చేలా ఉత్తర్వు తెచ్చింది. మంచి పని, చేతులెత్తి దండం పెడుతున్నాం. కానీ మంగాఫ్ మంటల్లో పై అంతస్తుల నుంచి దూకి, కాళ్లూ నడుములూ విరిగి బతికినవాళ్లూ ఉన్నారు. వాళ్లు ఎలాంటి ఇంటికి తిరిగి వెళ్లారు, ఆ ఇంటికి మెట్లెన్ని అని మనలో ఎందరం అడిగాం?

కువైట్‌లో వికలాంగుల కోసం 2010లో వచ్చిన 8వ నంబరు చట్టం ఉంది, దాన్ని అమలు చేసే ప్రత్యేక సంస్థ ఉంది. అది తన పౌరుల కోసం ఈ దేశం చేసుకున్న ఏర్పాటు. దాని మీద మాకు ఫిర్యాదు లేదు. మన మనిషి సంగతి మన దేశం, మన రాష్ట్రాలు, మనం చూసుకోవాలి.

ఇప్పుడు, ఉన్న డబ్బు దారులు చెప్తాం. ఇవి తెలియక పోగొట్టుకున్నవాళ్లను చూశాం కాబట్టి వివరంగానే చెప్తాం.

మొదటిది కువైట్‌లోనే ఉంది. 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం ప్రకారం, పని చేస్తూ దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు యజమానిదే. కోలుకునేదాకా మొదటి ఆరు నెలలు పూర్తి జీతం, ఆ తర్వాత సగం జీతం ఇవ్వాలి. వైద్యులు తేల్చిన వైకల్యం శాతాన్ని బట్టి పరిహారం కట్టాలి. కాంట్రాక్టు ముగిసిన ఏడాదిలోపు కేసు వేయాలి, కార్మికుడు కోర్టు ఫీజు కట్టనక్కర్లేదు. మా మేస్త్రన్న విషయంలో ఏం జరిగిందంటే, ఆసుపత్రి మంచం మీద ఉండగానే "నాకు రావలసినవన్నీ ముట్టాయి" అని అరబీలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. టికెట్ కొని ఎక్కించారు. ఏడాది గడిచిపోయాక గానీ ఆ కాగితంలో ఏముందో ఆయనకు తెలియలేదు. వైకల్యం శాతం రాసిన రిపోర్టు చేతికి రాకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. ఎవరికైనా దెబ్బ తగిలిందని తెలిస్తే ఆ రాత్రే మాకు చెప్పండి. అరబీ చదవగలిగినవాళ్లు మాలో ఉన్నారు.

ఇళ్లలో పనిచేసే అక్కలకు ఈ చట్టం వర్తించదు. వాళ్లది 2015 నాటి 68వ నంబరు చట్టం. వైద్యం చేయించే బాధ్యత అందులోనూ యజమానిదే.

రెండోది ప్రవాసీ భారతీయ బీమా యోజన. పది పాసు కాక, ఎమిగ్రేషన్ తనిఖీ అవసరమైన ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చేవాళ్లకు ఇది తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. చాలామంది మొదటిసారి వచ్చినప్పుడు ఏజెంటు కట్టించాడు, అంతే. గడువు తీరి ఎన్నేళ్లైందో తెలియదు. ఆన్‌లైన్‌లో మళ్లీ కట్టుకోవచ్చు. పది పాసైనవాళ్లకూ, విజిట్ వీసా మీద వచ్చి ఇక్కడ నివాస అనుమతి (అకామా) కొట్టించుకున్నవాళ్లకూ ఇది ఉండకపోవచ్చు. ఆంధ్రావాళ్లకు ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ద్వారా ప్రవాసాంధ్ర భరోసా బీమా ఉంది, అందులోనూ 10 లక్షలే. పాలసీ కాగితం మీ పెట్టెలో ఉంటే లాభం లేదు. ఫొటో తీసి ఇంట్లోవాళ్లకు పంపండి.

మూడోది ఊళ్లో. ప్రభుత్వ వైద్యులు వైకల్యం శాతం తేల్చి ఇచ్చే సర్టిఫికెట్ లేకపోతే ఏ పనీ జరగదు. ఆంధ్రప్రదేశ్‌లో దాన్ని సదరం అంటారు. 40 శాతం వైకల్యం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై 1 నుంచి నెలకు 6,000 పింఛను. మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైపోతే 15,000. తెలంగాణలో 4,016. ఇక కుర్చీ కావాలంటే కేంద్రం 1981 నుంచి నడుపుతున్న అడిప్ పథకం ఉంది. నెల ఆదాయం 22,500 లోపుంటే కాన్పూరు అలింకోలో తయారైన కుర్చీ ఉచితంగా ఇస్తారు. పేద ముసలివాళ్లకైతే వయోశ్రీ యోజన ఉంది. దాన్ని 2017 ఏప్రిల్ 1న మొదలుపెట్టింది మన నెల్లూరులోనే. కర్రలు, వాకర్లు, కుర్చీలు అందులో వస్తాయి.

అలా వచ్చిన కుర్చీయే ఆ అరుగు మీద ఉంది.

మా వెతుకులాట ఇక్కడికి వచ్చి ఆగిపోయింది. కుర్చీకి డబ్బుంది, పింఛనుకు డబ్బుంది. ఆ కుర్చీకి అడ్డంపడే తలుపు వెడల్పు చేయడానికి డబ్బు లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ ప్రభుత్వ ఇళ్ల పథకాల్లో 5 శాతం వాటా ఇచ్చింది. అది ఇల్లు లేనివాళ్లకు. అదే చట్టం బస్టాండుకూ ఆఫీసుకూ ర్యాంపు ఉండాలంటుంది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో ఇలాంటి సౌకర్యాల ప్రమాణాలు ఐచ్ఛికం కాదు, తప్పనిసరి కావాలని తీర్పిచ్చింది. ఎమ్మార్వో ఆఫీసుకు ర్యాంపు వస్తే సంతోషమే. కానీ ఆ ఆఫీసు దాకా పోవాలంటే ముందు మనిషి తన ఇంట్లోంచి బయటికి రావాలి కదా!

ఇది గొంతెమ్మ కోరిక కాదు. ఇంగ్లండులో ఇంటి మార్పుల కోసం అర్హులైన వికలాంగులకు 30,000 పౌండ్ల దాకా స్థానిక కౌన్సిల్ గ్రాంటు ఇచ్చి తీరాలి. జపాన్‌లో 2000లో వచ్చిన సంరక్షణ బీమాలో ఇంట్లో పట్టుకునే రాడ్లకూ, గడపలు తీయించడానికీ 2 లక్షల యెన్ల దాకా లెక్కగడతారు. సింగపూరులో 2012 నుంచి ప్రభుత్వ ఫ్లాట్లలో ఉండే పెద్దవాళ్లకు బాత్రూములో రాడ్లు, జారని నేల, చిన్న ర్యాంపులు వేసిస్తున్నారు. ఖర్చులో 95 శాతం దాకా ప్రభుత్వమే పెడుతుంది. అవన్నీ డబ్బున్న దేశాలంటారా? అయితే పక్కింటిని చూద్దాం. అబ్బాసియాలో మన గోడకు అవతల ఉండే మలయాళీలకు వాళ్ల ప్రభుత్వపు నోర్కా రూట్స్ సంస్థలో సాంత్వన అనే పథకం ఉంది. తిరిగి వెళ్లిన ప్రవాసి కుటుంబానికి వైద్యానికి 50,000, కృత్రిమ కాళ్లకో చక్రాల కుర్చీకో 10,000 సాయం. పెద్ద మొత్తం కాదు. కానీ "గల్ఫ్‌కు పోయి దెబ్బతిని వచ్చినవాడు" అనే మనిషి ఒకడున్నాడని వాళ్ల ప్రభుత్వ కాగితాల్లో ఉంది.

మన రాష్ట్రాలను మేమడిగేది ఇది. చక్రాల కుర్చీ స్థాయి పింఛను మంజూరైన ప్రతి ఇంటికీ ఒకసారి కొలతలకు మనిషిని పంపాలి. కొత్త ఉద్యోగం సృష్టించనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటు ఉన్నాడు. టేపు, కాగితం, అరగంట చాలు. ఆ కొలతల మీద లక్ష రూపాయల దాకా ఇంటి మార్పుల గ్రాంటు ఇవ్వాలి. ఇళ్ల పథకాల్లో ఇల్లు లేనివాళ్లను ఎలా చూస్తున్నారో, ఉన్న ఇంట్లో కదల్లేనివాళ్లనూ అలాగే చూడాలి. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లకే ఇమ్మని అడగడం లేదు. చెట్టు మీద నుంచి పడ్డ గీత కార్మికుడికీ, పక్షవాతం వచ్చిన టీచరుకూ, పుట్టుకతో నడవలేని పిల్లకూ ఇదే గడప అడ్డం. తెలంగాణ ప్రభుత్వాన్ని ఇంకొకటి కూడా అడుగుతున్నాం. చనిపోయినవాళ్ల కోసం తెచ్చిన ఉత్తర్వులో, శాశ్వత వైకల్యంతో బతికి వచ్చినవాళ్లనూ చేర్చండి.

ప్రభుత్వం కదిలేదాకా కాళ్లు చాపుక్కూర్చోం. కదలడానికి ఎన్నేళ్లు పడుతుందో తెలియదు, మేస్త్రన్న స్నానం అన్నేళ్లు ఆగదు.

డబ్బు సంగతి ముందే తేటగా చెప్పాలి. కువైట్‌లో అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం చట్టవిరుద్ధం. కాబట్టి మేము రసీదు పుస్తకం పట్టుకుని రూములెంట తిరగం, మా చేతికి ఒక్క ఫిల్సు తీసుకోం. ఒక ఇంటికి కావలసిన పని, దాని ఖర్చు తేలాక ఆ కుటుంబం ఖాతా వివరాలు మాలో ఒకరికొకరం చెప్పుకుంటాం. ఎవరికి తోచింది వాళ్లు, ప్రతినెలా తమ ఇంటికి పంపుకున్నట్టే, తమ సొంత ఖాతా నుంచి ఎక్స్ఛేంజీ ద్వారా నేరుగా ఆ కుటుంబానికి పంపుతారు. ఇక్కడ కనీస జీతం 75 దినార్లు, అంటే 20 వేల రూపాయల పైమాట. అంత జీతగాణ్ణి ఎవరూ ఇంత ఇవ్వమని అడగకూడదు. ఐదు దినార్లిచ్చినా, అర దినారిచ్చినా పేరు ఒకేలా ఉంటుంది. అసలు పేర్లే చదవం. పని ముందు ఫొటో, పని తర్వాత ఫొటో, సిమెంటు కొట్టు బిల్లు మాత్రం అందరికీ చూపిస్తాం.

డబ్బు కంటే ఎక్కువ విలువైనది మన దగ్గర ఇంకొకటి ఉంది. రాజోలు నుంచి వచ్చిన ఒక అక్క ఇక్కడ ఒక ఇంట్లో తొమ్మిదేళ్లుగా లేవలేని పెద్దామెను చూసుకుంటోంది. మనిషిని మంచం మీద నుంచి కుర్చీలోకి ఎలా మార్చాలో మొన్న శుక్రవారం మాకు చేసి చూపించింది. ముందు కుర్చీ బ్రేకులు వేసింది. కుర్చీని మంచానికి కొంచెం ఏటవాలుగా పెట్టింది. మనిషి మోకాళ్లకు తన మోకాళ్లు అడ్డం పెట్టి, నడుముకు కట్టిన గుడ్డ బెల్టు పట్టుకుని, ఎత్తకుండా తిప్పింది. ఆమె బరువు 50 కిలోలు. తిప్పించుకున్న మా వెల్డరు 80 కిలోలుంటాడు. ఆ అక్క కన్నతల్లి ఊళ్లో బాత్రూములో జారిపడి తుంటి విరిగి మంచంలో ఉంది. తొమ్మిదేళ్ల పనితనం తల్లికి అందకుండా ఇక్కడ ఉండిపోయింది. ఆమె చూపించింది వీడియో తీసి ఇప్పుడు రాజంపేట వదినకు పంపాం. రెండోసారికి పట్టు దొరికిందట. వాలు కట్టడం తెలిసిన చేతులూ, మనిషిని నొప్పి లేకుండా తిప్పడం తెలిసిన చేతులూ ఈ పేటలోనే ఉన్నాయి. ఇద్దరినీ ఒక చోట కూర్చోబెట్టడమే మా మొదటి పని.

ఏ పని ముందు అన్నది మాలో పెద్ద వాదనైంది. చాలామంది ర్యాంపు అన్నారు. మేము బాత్రూమే ముందు అని తేల్చాం. ర్యాంపు వీధిలోవాళ్లకు కనిపిస్తుంది, ఫొటోలో బాగుంటుంది. బాత్రూము రోజుకు నాలుగుసార్లు కావాలి. తలుపు 32 అంగుళాలు ఖాళీ వచ్చేలా వెడల్పు చేయడం, తలుపు బయటికి తెరుచుకునేలా మార్చడం, కమోడు పక్కన గోడలోకి గట్టిగా దింపిన స్టీలు రాడ్డు, నున్నటి టైల్స్ తీసి గరుకువి వేయడం. ఆ తర్వాత గడప. గడప తీయొద్దని పెద్దవాళ్లు బాధపడతారు, పసుపు రాసే చోటని. తీయనక్కర్లేదు. లోపలా బయటా వాలు పోస్తే కుర్చీ దాటుతుంది, పసుపు రాసుకునే చోటూ ఉంటుంది. చివరగా వీధి మెట్లు.

ఇంకో మాట, ఊళ్లో ఇల్లు కడుతున్నవాళ్లందరికీ. మనం గల్ఫ్ డబ్బుతో కట్టే ఇళ్లు చూస్తే భయమేస్తోంది. రోడ్డు పెరుగుతుందని మూడడుగుల పునాది, అద్దంలాంటి టైల్స్, పడకగదులన్నీ మేడ మీద, మెట్ల కింద ఇరుక్కుపోయిన బాత్రూము. 20 ఏళ్లు ఎండలో కష్టపడి, చివరికి మన ముసలితనం పట్టని ఇల్లు కడుతున్నాం. కట్టేటప్పుడే కింద ఒక గది, దానికి ఆనుకుని మూడడుగుల తలుపున్న బాత్రూము, ప్రహరీ పక్కన వాలుకు చోటు వదిలితే అదనపు ఖర్చు దాదాపు ఉండదు. కట్టాక పగలగొట్టాలంటే రెండింతలు. ప్లాను గీయించుకున్నవాళ్లు శుక్రవారం మా మేస్త్రులకు చూపించండి. రూపాయి తీసుకోరు.

ఈ పనిలో కులం లేదు, జిల్లా లేదు, పార్టీ లేదు, ఏ దేవుడికి మొక్కుతారన్న ప్రశ్న లేదు. నాయకుడెవరైనా ర్యాంపు మీద తన పేరు రాయిస్తానంటే ఆ డబ్బు వద్దంటాం. సాయం అందుకున్న మనిషి ఫొటో ఎక్కడా పెట్టం. గోడ ఫొటో, తలుపు ఫొటో మాత్రమే.

అన్నలారా, అక్కలారా, ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక పని చెప్పండి. బాత్రూము తలుపు తెరిచి, ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య ఎన్ని అంగుళాలుందో కొలవమనండి. వీధి మెట్లు ఎన్నో, ఒక్కో మెట్టు ఎత్తెంతో అడగండి. ఇంట్లో లేవలేనివాళ్లు ఉన్నా లేకపోయినా అడగండి. ఆ కొలతలు కాగితం మీద రాసుకుని శుక్రవారం మధ్యాహ్నం మా రూముకు తీసుకురండి. మొదటి కొలత రాజంపేటది, 22 అంగుళాలు, ఇప్పటికే రాసి పెట్టాం.